దేవదాస్ కనకాల గారిని నటుడిగా కంటే గురువుగానే ఎందుకు తలుచుకుంటున్నాం?

ప్రశ్న: గోదారిగట్టు

మాది యానాం పక్క ఊరు. పోయిన ఆదివారం మధ్యాహ్నం టీవీలో ‘ఓ సీత కథ’ వస్తుంటే, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి తెరమీద ఒకాయనను చూపించి ఎవరని అడిగాడు. ‘రాజీవ్ కనకాల వాళ్ళ నాన్నగారు, యాంకర్ సుమ గారి మామగారు’ అని చెప్పాను. వాడికి వెంటనే అర్థమైంది, మళ్ళీ ఫోనులో పడిపోయాడు. నాకు మాత్రం ఆ జవాబు రోజంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. 1945లో కనకాలపేటలో, యానాం ఇంకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండగా పుట్టి, నాటకాలాడి, పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన చదువుకుని, 1969లో ‘బుద్ధిమంతుడు’తో తెరకెక్కి, తరువాత దర్శకత్వం చేసి, మద్రాసులోనూ హైదరాబాదులోనూ ఎందరో నటులకు పాఠం చెప్పిన మనిషిని, కొడుకు పేరూ కోడలి పేరూ అడ్డం పెట్టుకుని పరిచయం చేయవలసివచ్చింది నేను.

నా సందేహాలు రెండు. పాఠాలు చెప్పడంలో పడి ఆయన తనలోని నటుణ్ణి పక్కన పెట్టుకున్నారా, లేక సినిమా వాళ్ళే ఆయనకు తగిన వేషాలు ఇవ్వలేదా అన్నది మొదటిది. రెండోది, నాటకాల నుంచి వచ్చిన మనిషి కెమెరా ముందు నటించడం ఎలా నేర్పగలడు? రంగస్థలం మీద పనికివచ్చేవన్నీ తెరమీద ‘ఓవర్’ అనిపించుకుంటాయని అందరూ అంటారు కదా. నాటకం, సినిమా రెండూ దగ్గరగా చూసినవారు చెప్పగలరని ఇక్కడ అడుగుతున్నాను.

సమాధానం: పాతనాటకం

మీ రెండో సందేహంతో మొదలుపెడతాను, మొదటిదానికి జవాబు చాలావరకు అందులోనే ఉందని నా నమ్మకం.

మన నాటక సమాజాలలో నటన నేర్పడం అంటే గురువు చేసి చూపించడం, శిష్యుడు అలాగే చేయడం. పద్యం ఏ రాగంలో ఎత్తుకోవాలి, ఎక్కడ ఆలాపన సాగదీయాలి, ‘వన్స్ మోర్’ పడితే మళ్ళీ ఎక్కడి నుంచి అందుకోవాలి అన్నవి హార్మోనియం పక్కన కూర్చోబెట్టి వల్లె వేయించేవారు. దీనివల్ల గొప్ప గొంతులు తయారయ్యాయి, కాదనను. కానీ ఆ పద్ధతిలో శిష్యుడు మంచి నటుడు కావడం కన్నా గురువుకు మంచి నకలు కావడమే ఎక్కువ. రంగస్థల నటులు బళ్ళారి రాఘవ గారి వంటివారు రాగాల జోరు తగ్గించి పాత్ర మనసును పట్టుకోవాలని ఎంత గట్టిగా చెప్పినా, పల్లెటూళ్ళ వేదికల మీద ఆ మాట ఎక్కడానికి చాలా కాలం పట్టింది.

కనకాల గారు పూణేలో చదివిన రోజుల్లో అక్కడి నటన విభాగం రోషన్ తనేజా గారి చేతిలో ఉండేది. తనేజా గారు న్యూయార్క్‌లో నటన చదువుకుని వచ్చారు. ఆ పద్ధతిలో గురువు చేసి చూపించడు, ప్రశ్నలు వేస్తాడు. ఈ మనిషి గదిలోకి ఎందుకు వచ్చాడు, వచ్చేముందు ఏం జరిగింది, ఎదుటివాడి నుంచి అతనికి ఏం కావాలి అని అడిగి, జవాబు నటుడి ఒంట్లో నుంచే రప్పిస్తాడు. ఇప్పుడు ఆలోచించండి. గొంతు, నడక, నిలబడే తీరు నాటకం నుంచి వచ్చాయి, ‘ఎందుకు’ అని అడగడం పూణే నుంచి వచ్చింది. ఈ రెండూ తెలిసి, వాటిని తెలుగులో, తెలుగు పిల్లలకు అర్థమయ్యేటట్టు చెప్పగలిగినవారు 1970లలో ఎంతమంది ఉన్నారు? అందుకే ఆయనను పాఠం చెప్పమని పిలిచేవారు దొరికారు. వేషాల కోసం మన పరిశ్రమ పిలిచే తీరు వేరు, అక్కడ మొదట చూసేది మొహం.

ప్రస్తావనకు సంబంధం లేని మాట ఒకటి. రాఘవ గారు 1880 ఆగస్టు 2న పుట్టారు. కనకాల గారు పోయింది 2019 ఆగస్టు 2న. తనేజా గారు కూడా అదే ఏడాది మే నెలలో వెళ్ళిపోయారు. కాకతాళీయమే అయినా, ఆ వారం పత్రికలు చూస్తూ నేను కాసేపు అలాగే ఉండిపోయాను.

సమాధానం: తెరచాటు

పాతనాటకం గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ఒక విషయంలో మనందరం అతిగా పోతున్నామేమో. కనకాల గారి ప్రసక్తి రాగానే రజనీకాంత్, చిరంజీవి, రాజేంద్రప్రసాద్ అంటూ శిష్యుల జాబితా చదువుతాం. రజనీకాంత్, కనకాల గారు పాఠం చెప్పిన మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేనాటికే బెంగళూరులో కండక్టరు ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన మనిషి. అంతటి వారికి ఎవరు నేర్పినా వారు వారే అయ్యేవారు. గురువు పనితనం తెలియాలంటే పెద్ద తారలను కాదు, మామూలు కుర్రవాళ్ళను చూడాలి.

నాకు నచ్చిన ఉదాహరణ సుధాకర్. మనం కమెడియన్‌గా ఎరిగిన సుధాకరే. చిరంజీవి, హరిప్రసాద్, సుధాకర్ మద్రాసులో ఒకే గదిలో ఉండి ఇన్‌స్టిట్యూట్‌లో నటన నేర్చుకున్నారు. ఆ తెలుగు కుర్రవాణ్ణి 1978లో తమిళ దర్శకుడు భారతీరాజా నేరుగా తమిళంలో హీరోగా పెట్టుకున్నారు. తన భాష కాని భాషలో, పల్లెటూరి పాత్రలో, మాట అండ లేకుండా కేవలం చూపుతో, నడకతో నెగ్గుకురావాలి. అది పుట్టుకతో వచ్చే అందచందాలతో అయ్యే పని కాదు, ఎవరో ఒకరు పునాది వేసి ఉండాలి. ఆ ఎవరో ఒకరు కనకాల గారు ఒక్కరే అని నేను అనను, ఇన్‌స్టిట్యూట్ అన్నాక నలుగురు అధ్యాపకులు ఉంటారు. శిష్యుల కీర్తిని గురువు ఖాతాలో వేయడం మనకు అలవాటైపోయింది కనుక ఈ మాత్రం జాగ్రత్త అవసరమనిపించింది.

ఇక నాటకం వాడు కెమెరాకు పనికివస్తాడా అన్నదానికి నా అనుభవమే చెప్తాను. నేను పదేళ్ళు పరిషత్తు నాటకాలు (పోటీల్లో ఆడే నాటకాలు) ఆడాను. మా దర్శకుడు హైస్కూలు గ్రౌండులో ఒక చివర తాను కుర్చీ వేసుకుని కూర్చుని, నన్ను రెండో చివర నిలబెట్టి, ‘నాన్నా’ అనే ఒక్క మాటను అరవకుండా తన దాకా పంపమనేవారు. అరిస్తే తిట్లు, వినపడకపోతే మళ్ళీ తిట్లు. కడుపులోంచి ఊపిరి తీసి మాటను మోయించడం అలా వచ్చింది. ఆ ధీమాతోనే ఒక సీరియల్‌లో కానిస్టేబుల్ వేషానికి వెళ్ళాను. ఉన్నది ఒక్కటే డైలాగు: ‘సార్, మనిషి దొరికాడు.’ మొదటి టేకులో గొంతు అదిరిపోయేసరికి సౌండు చూసే ఆయన హెడ్‌ఫోన్ తీసేశారు. రెండో టేకులో గొంతు తగ్గించాను కానీ, చెయ్యి తనంతట తానే లేచింది. మూడోసారి చెయ్యి జేబులో పెట్టుకున్నాను, కళ్ళు మాత్రం వెనక వరుసలో కూర్చున్న ప్రేక్షకుణ్ణి వెతుక్కుంటూ ఎస్సై మొహం మీంచి పైకి పోయాయి. నాలుగోసారికి కెమెరా ఆయన వచ్చి, ‘మీరు చెప్పక్కర్లేదండీ, దొరికాడని మీకు తెలిస్తే చాలు, అది నేను పట్టుకుంటాను’ అన్నారు. పదేళ్ళ నాటకంలో నాకెవరూ చెప్పని మాట అది.

ఆ పూట నేను మరిచిపోవలసి వచ్చింది సగం, మిగతా సగం మాత్రం అక్షరాలా ఉపయోగపడింది. ఊపిరి, ఎదుటివాడి మాట పూర్తిగా వినడం, నిలబడిన చోట నిలబడడం, ఇవి నాటకమే ఇచ్చింది. ఏ సగం ఉంచుకోవాలో, ఏ సగం వదులుకోవాలో విడదీసి చెప్పగలిగినవాడే గురువు. రెండు వైపులా పనిచేసిన మనిషికి తప్ప అది తెలియదు. తరువాత నేను ఫీజు కట్టి చేరిన ఒక శిక్షణ కేంద్రంలో (పేరు అనవసరం) మూడు నెలలపాటు ఫైట్లు, డాన్సులు, ఫోటో ఆల్బమ్ తప్ప శ, ష, సలకు తేడా ఉందని కూడా ఎవరూ చెప్పలేదు. అక్కడ పాఠం చెప్పినవారిలో ఒక్కరు కూడా వేదిక ఎక్కినవారు కారు.

సమాధానం: చలిచీమ

దర్శకుడిగా ఆయన గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను, పైగా నా పేరు కూడా ఆ సినిమా పేరే.

1978లో ఆయన దర్శకత్వం వహించిన ‘చలిచీమలు’ పేరు సుమతీ శతకం నుంచి వచ్చింది. ‘బలవంతమైన సర్పము చలిచీమల చేత జిక్కి చావదె సుమతీ’ అని చిన్నప్పుడు అందరం అప్పజెప్పినదే. ఊరిని పీడించే ఒక బలవంతుడు ఒక పక్క, అల్పులనుకున్న జనం మరోపక్క. పరుచూరి సోదరులు సినిమాలకు రాయడం మొదలుపెట్టిన తొలి రోజుల చిత్రం అది. నేను దానిని గొప్ప కళాఖండం అనను. చాలా చోట్ల నాటకం చూస్తున్నట్టే ఉంటుంది, పాత్రలు వరుసగా నిలబడి మాట్లాడుకుంటాయి, కెమెరా ఓపికగా వింటుంది. కానీ దానివల్లే నూతన్ ప్రసాద్‌కు చోటు దొరికింది. ‘నూటొక్క జిల్లాల అందగాణ్ణి’ అన్న మాట ఈనాటికీ జనం నోట నానుతోందంటే, అది కేవలం రచన బలం కాదు. ఆ ‘నూటొక్క’ దగ్గర ఆయన గొంతులో పలికిన సాగదీత, ‘అందగాణ్ణి’ దగ్గర దించిన వంకర ధీమా వినండి. ప్రతినాయకుడు అరవకుండా, తన మాటను తానే రుచి చూసుకుంటూ మాట్లాడటం అప్పటికి మనకు అంత అలవాటు లేదు. నూతన్ ప్రసాద్ కూడా రంగస్థలం నుంచే వచ్చారు. వేదిక మీది వాచికానికి, అంటే మాట పలికే తీరుకు, తెరమీద కత్తెర వేయకుండా, కొలత మాత్రం సరిచేసి వాడుకోవడం ఆ కొద్ది సన్నివేశాలలో కనిపిస్తుంది. వేరే దర్శకుడైతే ‘కొంచెం తగ్గించండి’ అని ఆ రుచి మొత్తం చప్పగా చేసి ఉండేవాడేమో.

ఇక మీ మొదటి సందేహం. నటుడికి వేషం కోసం ఎదురుచూపులు ఉంటాయి, ప్రతి ఉదయం ఫోను మోగాలి. పాఠం చెప్పే మనిషికి ఉదయం తొమ్మిదింటికి తరగతి ఉంటుంది. ఇల్లు గడుపుకోవలసిన ఎవరైనా ఏది నమ్ముకుంటారో చెప్పనక్కరలేదు. దానిని త్యాగమనో, అన్యాయమనో పెద్ద మాటలు అనడం నాకు ఇష్టం లేదు.

సమాధానం: మాఘమాసం

ఇంతమంది ఇంత రాశారు, ఒక్కరూ లక్ష్మీదేవి గారి పేరు ఎత్తలేదు. కనకాల గారి భార్య లక్ష్మీదేవి కనకాల గారు కూడా నటి, నటన అధ్యాపకురాలు. మద్రాసులోనూ హైదరాబాదులోనూ ఇద్దరూ కలిసే పాఠం చెప్పారు. ఆవిడ 2018 ఫిబ్రవరిలో పోయినప్పుడు శిష్యులు ఆవిడను గురువుగానే తలుచుకున్నారు. ‘దేవదాస్ కనకాల గారి శిష్యులు’ అని మనం చదివే జాబితాలో సగం ఆవిడకు కూడా చెందుతుంది. గోదారిగట్టు గారు కొడుకు పేరు, కోడలి పేరు చెప్పి పరిచయం చేశానని బాధపడుతున్నారు. ఆవిడకు మనం ఆపాటి పరిచయం కూడా చేయలేదు.

నటన చదువుకోవాలనుకునే ఆడపిల్లకు 1970లలో ఇంట్లో ఒప్పించడం ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి. ‘అక్కడ మేడమ్ కూడా ఉంటారు’ అన్న ఒక్క మాట ఎన్ని తలుపులు తీసి ఉంటుందో.

ప్రశ్న వేసినవారి స్పందన: గోదారిగట్టు

అందరికీ కృతజ్ఞతలు. మాఘమాసం గారూ, మీరన్నది నిజమే, నా ప్రశ్నలోనూ ఆవిడ లేరు, తప్పు ఒప్పుకుంటున్నాను. తెరచాటు గారి కానిస్టేబుల్ కథ మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడు ఫోను పక్కన పడేసి, అద్దం ముందు నిలబడి ‘సార్, మనిషి దొరికాడు’ అని ఆరేడు రకాలుగా అని చూసుకున్నాడు. రెండోసారి అన్నది బాగుందని నేనంటే, ఎందుకు బాగుందో చెప్పమన్నాడు. దానికి జవాబు ఇంకా వెతుక్కుంటున్నాను.