పాత సత్రం గోడలకు సిమెంటు పూత పూయించవచ్చునా?

రంగనాయకులపేట నివాసి, నెల్లూరు:
పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి ఆలయానికి దగ్గరలో, యాత్రికుల కోసం మా పూర్వులు కట్టించిన సత్రం ఒకటి ఉంది. గోడలు ఇటుకతో, గానుగ సున్నంతో కట్టినవి; పైన టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు మిద్దె. నేల నుంచి నడుమెత్తు వరకు చెమ్మ ఎక్కి, సున్నపు పూత పొడిగా రాలిపోతున్నది. పాత పూతంతా చెక్కించి సిమెంటు పూయిస్తే పీడ వదులుతుందని బంధువులలో ఎక్కువమంది అంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఇటువంటి కట్టడాలను బాగు చేయించిన పెద్దలు దయచేసి సలహా చెప్పగలరు.

విశ్రాంత ఇంజనీరు, కావలి:
అయ్యా, సిమెంటు జోలికి వెళ్లకండి. ఆ కాలపు గోడల పునాదిలో చెమ్మను ఆపే పొర సాధారణంగా ఉండదు కనుక నేలలోని నీరు ఇటుకల గుండా పైకి పాకుతుంది. సున్నపు పూతకు సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి ఆ నీరు ఎప్పటికప్పుడు గాలికి ఆరిపోతుంది, నీటితో వచ్చిన ఉప్పు పూతలోనే పేరుకుంటుంది, కొన్నేళ్లకు పూత రాలుతుంది. రాలడం నష్టం కాదు, ఇటుక బదులు పూత అరిగిపోతున్నదన్నమాట. దానిమీద గట్టి సిమెంటు పరిస్తే దారి మూసుకుపోయిన చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. ఉప్పు పూత వెనుక గడ్డకట్టి, చివరకు సిమెంటు పెచ్చుతో పాటు ఇటుక ముఖాన్ని కూడా ఊడదీస్తుంది. ప్లాస్టిక్ రంగులతోనూ ఇదే ప్రమాదం. ముందుగా గోడ వెంబడి వీధి మట్టం పెరిగిందేమో, చూరు నీరు గోడ మొదట్లో పడుతున్నదేమో, మురుగు కాలువ కారుతున్నదేమో చూడండి. అవి సరిచేసి గోడను ఆరనివ్వకుండా ఏ పూత పూసినా డబ్బు దండగే.

మూలాపేట పాఠకుడు:
ఇంజనీరు గారు చెప్పినది నిజమే కాని, సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు అరుదు. పాత ఆలయాల మరమ్మతులు చేసే బృందాలను అడగండి. సున్నాన్ని కనీసం రెండు వారాలు నీటిలో నాననిచ్చి, ఇసుక, ఇటుక పొడి కలిపి మూడు పాళ్లకు మించకుండా ఒక పాలు సున్నానికి కలిపించండి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడేది కాబట్టి ఈ పూత పలుచని పొరలుగా పడాలి, ప్రతి పొర మీదా తడి గోనెపట్టాలు కప్పాలి. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు తప్పవు. అందువల్ల ఈ పనిని సెప్టెంబరుకు ముందే ముగించడం క్షేమం.

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు:
గోడల కంటే ముందు మిద్దెను పరీక్షించమని నా మనవి. మద్రాసు మిద్దెలో దంతెల (సన్న దూలాల) మీద ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పోసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి కొట్టి గట్టిపరుస్తారు. గోడలోకి దిగిన దూలాల కొనలే ముందుగా పుచ్చుతాయి, అవి పైకి కనిపించవు. సన్నని ఇనుప చువ్వతో ప్రతి కొననూ పొడిచి చూడండి. చువ్వ సులువుగా దిగిన చోట దూలానికి కింద తాత్కాలికంగా గుంజ నిలబెట్టిన తరువాతనే గోడ పూతను ముట్టుకోండి. మిద్దె మీద నీరు నిలుస్తున్నదని సిమెంటు పొర అదనంగా పోయించవద్దు, ఆ బరువును పాత దూలాలు మోయలేవు.