బావ ఇంటి మీదికి రాకుండా కోర్టు ఆర్డర్ తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మా అక్క నాలుగు నెలలుగా ఖమ్మంలో మా దగ్గరే ఉంటోంది, బావ హైదరాబాద్‌లో. తాగినప్పుడల్లా బస్సెక్కి వచ్చేసి రాత్రి పదకొండింటికి గేటు పట్టుకుని ఊపుతూ నానా మాటలూ అంటాడు. మొన్న అక్క పనిచేసే బట్టల షాపుకే వెళ్లి అందరి ముందు చెయ్యి పట్టుకుని లాగాడు. స్టేషన్‌కి రెండుసార్లు వెళ్లాం. పిలిపించి, కౌన్సెలింగ్ చేసి, ఇక రానని రాయించుకుని పంపించేశారు. పది రోజులు కుదురుగా ఉన్నాడంతే. విడాకుల మాట అక్క ఇంకా తేల్చుకోలేదు, ముందు ఆ మనిషి రాకుండా ఉంటే చాలంటోంది. అమెరికాలో ఉన్న మా కజిన్ రెస్ట్రెయినింగ్ ఆర్డర్ తీసుకోమంటోంది. మన దగ్గర అలాంటిది ఉందా? ఉంటే హైదరాబాద్ కోర్టులోనే వేయాలా?

జవాబు: ఉందమ్మా, నేను తెచ్చుకున్నాను. మన దగ్గర దాన్ని ప్రొటెక్షన్ ఆర్డర్ అంటారు, 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ ఇస్తారు. కోర్టులో అందరూ డీవీసీ కేసు అనే అంటారు. విడాకులకూ దీనికీ సంబంధం లేదు. హైదరాబాద్ వెళ్లక్కర్లేదు, అక్క ఇప్పుడు ఉంటున్నది ఖమ్మం కాబట్టి అక్కడే వేయొచ్చు, పుట్టింట్లో తాత్కాలికంగా ఉన్నా సరే. ముందు సఖి కేంద్రానికి వెళ్లండి, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం అది, దారి తెలియకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. అక్కడినుంచి ఈ చట్టం కేసులు చూసే ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికి పంపిస్తారు, ఆవిడ జరిగిందంతా డీఐఆర్ (గృహహింస ఘటన నివేదిక) అనే ఫారంలో రాసి కోర్టుకి పంపుతుంది. "తరచూ వస్తాడు" అని చెబితే అలాగే రాసుకుంటారు, దానికి బలం ఉండదు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏమన్నాడు, ఎవరు చూశారు, ఇవి చెప్పాలి.

జవాబు: నేను లాయర్‌ని, రెండు ముక్కలు కలుపుతాను. పిటిషన్‌తోపాటే ఇదే చట్టం సెక్షన్ 23 కింద మధ్యంతర ఆర్డర్, అంటే కేసు తేలేలోపు పనిచేసే ఆర్డర్ అడగండి, అఫిడవిట్ పెట్టాలి. పరిస్థితి చూసి అవతలి మనిషి రాకముందే మేజిస్ట్రేట్ ఆర్డర్ ఇవ్వగలరు. ఇది అడగకుండా వదిలేస్తే వాయిదాల మధ్య నెలలు గడిచిపోతాయి, చట్టంలో 60 రోజుల్లో తేల్చడానికి చూడాలని ఉన్నా సరే. ఇంటికి రాకూడదని మాత్రమే అడిగి ఊరుకోకండి, షాపు పేరూ అడ్రసూ, ఫోన్లూ మెసేజులూ, మీ అమ్మానాన్నలను బెదిరించడం, అన్నీ విడివిడిగా రాయించండి. ఆర్డర్‌లో లేనిదాన్ని పోలీసులు పట్టించుకోరు. ఫీజు గురించి టెన్షన్ వద్దు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి.

జవాబు: కోర్టు మెట్లెక్కితే ఇక కాపురం నిలబడదు. ఒకసారి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి చూడండి.

జవాబు: అన్నా, రెండుసార్లు రాయించుకున్నారని ఆ అమ్మాయి చెబుతూనే ఉంది కదా. ఆ కాగితం దాటితే అడిగేవాడు లేడు. కోర్టు ఆర్డర్ దాటితే అది విడిగా నేరం, ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు, బెయిల్ హక్కుగా దొరకదు. మా ఆయనకు నోటీసు అందడానికే నెలలు పట్టింది, ఇల్లు మార్చేశాడు, రెండుసార్లు వెనక్కి వచ్చింది, అందుకే ఆఫీసు అడ్రసు కూడా ఇవ్వండి. ఆర్డర్ వచ్చాక కాపీ కోర్టు ఉచితంగానే ఇస్తుంది, స్టేషన్‌కీ పంపాలి. నేను మాత్రం ఆ మాట నమ్ముకుని కూర్చోలేదు, స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి రసీదు ముద్ర వేయించుకున్నాను. ఒక జిరాక్స్ ఇప్పటికీ నా బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన ఉంటుంది. మడతలు పడి నలిగిపోతే లామినేషన్ చేయించాను. ఒకసారి బస్టాండ్‌లో అదే పనికొచ్చింది.

ప్రశ్న: మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. నా వెంట పడేవాడు భర్త కాదు, బంధువూ కాదు, పాత కొలీగ్. నాకూ ఇదే వర్తిస్తుందా?

జవాబు: వర్తించదండి. ఒకే ఇంట్లో కలిసి బతికిన సంబంధం ఉండాలి, అన్నదమ్ములైనా సహజీవనమైనా సరే. మీది వెంటపడి వేధించడం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద ఫిర్యాదు ఇవ్వండి. బైండోవర్ చేయించమని కూడా గట్టిగా అడగండి, ఇక గొడవ చేయనని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ముందు ఏడాది వరకు బాండు రాయిస్తారు.

ప్రశ్న అడిగింది నేనే: ఈ రోజు సఖికి వెళ్లొచ్చాం. మేడమ్ రెండు గంటలు కూర్చోబెట్టి ఓపిగ్గా రాసుకున్నారు. అక్క తేదీలు గుర్తులేవని ఏడ్చింది, తర్వాత ఫోన్లో నాకు పెట్టిన మెసేజులు చూసి ఒక్కొక్కటీ పట్టుకున్నాం, ఆరు తేదీలు దొరికాయి. షాపు సేటు కెమెరా ఫుటేజీ ఇస్తానన్నాడు, వచ్చే వారం రమ్మన్నాడు.

జవాబు: వచ్చే వారం దాకా ఆగకు చెల్లీ. కెమెరాల్లో పాతది దానంతటదే చెరిగిపోతుంటుంది. పెన్‌డ్రైవ్ తీసుకుని ఇప్పుడే వెళ్లు.