లైట్ మిల్ రెక్కలు రెండో వైపు తిరుగుతున్నాయి, నా కథ మార్చాలా?

నీలిచుక్క:

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నాను. సోలార్ సెయిల్‌తో, అంటే పెద్ద పలచని తెర మీద పడే సూర్యకాంతి తోపుతో ప్రయాణించే నౌక కథ. అందులో ఒక అమ్మమ్మ ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆ నౌకలో ఇంజినీరు. ఆవిడ మనవరాలిని కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని లైట్ మిల్ చూపించి, "చూశావా, వెలుతురు తోస్తోంది. నా నౌక కూడా ఇలాగే వెళ్లింది" అంటుంది. కథంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

కళ్లతో చూడని వస్తువు గురించి రాయడం నాకు ఇష్టం ఉండదు. అందుకని ఒక లైట్ మిల్ తెప్పించుకున్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: పిడికిలంత గాజు బుడ్డి, లోపల నిలువుగా ఒక సూది, దాని మొన మీద గాజు టోపీ, ఆ టోపీకి నాలుగు పలచని రెక్కలు. ప్రతి రెక్కకీ ఒకవైపు మసి నలుపు, రెండో వైపు వెండి తెలుపు. బ్యాటరీ లేదు, తీగ లేదు. ఎండలో పెడితే చాలు, తిరగడం మొదలుపెడుతుంది. మధ్యాహ్నం ఎండలో రెక్కలు విడివిడిగా కనిపించవు, నాలుగూ కలిసిపోయి బూడిదరంగు గిన్నెలా కనిపిస్తాయి. చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియలేదు.

సాయంత్రం వెలుతురు తగ్గేసరికి వేగం కూడా తగ్గింది, ఒక్కో రెక్కనీ లెక్కపెట్టగలిగాను. అప్పుడు గమనించాను. వెండి వైపు ముందు నడుస్తోంది, నలుపు వైపు వెనక ఉంటోంది. అంటే నలుపు మీద ఎవరో చెయ్యి పెట్టి తోస్తున్నట్టు. నాకు తెలిసినంతవరకు ఇది తలకిందులుగా ఉండాలి. నలుపు కాంతిని మింగేస్తుంది, వెండి వెనక్కి కొడుతుంది. గోడకి తగిలి వెనక్కి వచ్చే బంతి గోడని ఎక్కువ తోస్తుంది, అతుక్కుపోయే మట్టిముద్ద తక్కువ తోస్తుంది. కాబట్టి వెండి వైపే ఎక్కువ తోపు పడాలి, నలుపు ముందు నడవాలి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి మళ్లీ చూశాను. సందేహం లేదు, వెండే ముందు.

ఇంకొక సంగతి. టేబుల్ మీది ఎల్‌ఈడీ దీపం దగ్గర పెడితే అసలు కదలదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బు దగ్గర పెడితే జోరుగా తిరుగుతుంది. కంటికి రెండు వెలుతుర్లూ ఒకేలా ఉన్నాయి.

నా మిల్లులో రంగులు తారుమారు చేసి పంపారా? లేక నేనే తప్పుగా అర్థం చేసుకున్నానా? అమ్మమ్మ చేత అబద్ధం చెప్పించడం నాకు ఇష్టం లేదు.

పాతరేడియో:

నీలిచుక్క గారూ, మీ మిల్లు సరిగ్గానే ఉంది. మీ లెక్క కూడా సరైనదే. దాన్ని తిప్పేది కాంతి తోపు కాదు, అంతే. ఫిజిక్స్ పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ బుడ్డిని ఏటా క్లాసుకి పట్టుకెళ్లేవాణ్ని. మీలా ఏ రెక్క ముందుందో చూసినవాళ్లు చాలా తక్కువమంది.

మీ బుడ్డిలో పూర్తి శూన్యం లేదు. గాలి చాలావరకు లాగేశారు గానీ కొంచెం మిగిల్చారు. ఆ మిగిలిన కొంచెమే పనిచేసేది. ఎండ పడగానే నలుపు వైపు వెండి వైపు కన్నా కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. దాన్ని తాకిన గాలి అణువులు ఎక్కువ వేగంతో వెనక్కి ఎగురుతాయి, రెక్కని వెనక్కి తంతాయి. అందుకే నలుపు వెనక్కి జరుగుతుంది. గాలి మొత్తం తీసేస్తే మిల్లు తిరగదు, గాలి ఎక్కువగా ఉంచినా తిరగదు. మధ్యలో ఎక్కడో ఒక ఇరుకైన చోటే దానికి ప్రాణం.

దీన్ని మొదట చేసిన విలియమ్ క్రూక్స్ కూడా మీలాగే అనుకున్నాడు. 1861లో థాలియం అనే మూలకాన్ని కనిపెట్టింది ఆయనే. దాని బరువు కచ్చితంగా తూచడానికి గాలి తీసేసిన పెట్టెలో త్రాసు పెట్టుకుంటే, ఎండ పడినప్పుడల్లా త్రాసు కదిలిపోయేది. ఆ చిరాకు వెంట పడి వెళ్లి ఈ మిల్లు దాకా వచ్చాడు. అది 1870ల మాట. 1873లోనే మాక్స్‌వెల్ కాంతికి ఒత్తిడి ఉంటుందని లెక్కకట్టి ఉన్నాడు. దాంతో ఆ ఒత్తిడి కంటికి కనిపించిందనే అందరూ సంబరపడ్డారు.

ఆ నమ్మకాన్ని పడగొట్టిన ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. 1876లో ఆర్థర్ షూస్టర్ గాజు బుడ్డిని మొత్తంగా దారాలతో వేలాడదీశాడు. వెలుతురు పడి లోపల రెక్కలు ఒకవైపు తిరగడం మొదలవగానే, పైనున్న గాజు రెండో వైపు కొద్దిగా తిరిగింది. బయటి నుంచి వచ్చిన కాంతే రెక్కలని తోస్తుంటే గాజు ఎదురు తిరగాల్సిన పని లేదు. రెక్కలు దేన్నో తన్ని ముందుకు పోతున్నాయి, ఆ తన్ను గాజుకి చేరుతోంది. మధ్యలో ఉన్నది గాలి ఒక్కటే.

మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చేదాంట్లో ఎక్కువ భాగం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. మీ కంటికి పనికిరాదు, నల్ల రెక్కకి మాత్రం అదే కావాలి. అంతే వెలుతురు ఇచ్చే ఎల్‌ఈడీ దాదాపు 9 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రెక్క వేడెక్కడానికి అది చాలదు.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. మిల్లుని చీకటి గదిలో పెట్టి గది వేడికి రానివ్వండి, తర్వాత గాజుకి గుడ్డలో చుట్టిన ఐసు ఆనించండి. ఎండలో కాగిన గాజుకి మాత్రం వెంటనే ఐసు తగిలించకండి, పగులుతుంది. ఏ వైపు తిరిగిందో ఇక్కడ రాయండి. ముందే చెప్పను.

సన్నంచు:

పాతరేడియో గారూ, చరిత్ర బాగా చెప్పారు. ఒక్కచోట మాత్రం ఆగాలి. వేడి వైపు అణువులు గట్టిగా తంతాయి నిజమే, కానీ అలా వేగంగా వెనక్కి వచ్చే అణువులు కొత్తవాటిని రెక్క దాకా రానివ్వవు. తన్ను బలం పెరిగితే తన్నుల సంఖ్య తగ్గుతుంది. రెక్క నడిమి భాగంలో రెండూ దాదాపు సరిపోతాయి. అసలు పని జరిగేది రెక్క అంచుల దగ్గర. అక్కడ గాలి చల్లని వైపు నుంచి వేడి వైపుకి అంచు చుట్టూ పాకుతుంది, వేడి వైపు ఒత్తిడి పెరుగుతుంది. ఆస్‌బోర్న్ రెనాల్డ్స్ ఇది 1879లో చెప్పాడు. ఆయన వ్యాసాన్ని పరిశీలించిన మాక్స్‌వెల్ అదే ఏడు తనూ ఒకటి రాశాడు. 1924లో ఐన్‌స్టీన్ కూడా అంచుల దగ్గరి బలాన్ని లెక్కకట్టాడు.

పొరపాటు మీ ఒక్కరిది కాదు, చాలా పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ మొదటి ముక్క దగ్గరే ఆపేస్తాయి. వెలుతురు బాగా తగ్గినప్పుడు ఒక్క రెక్క అంచునే చూస్తూ ఉండండి నీలిచుక్క గారూ. బలమంతా ఆ సన్నని గీత మీద పడుతోందని తెలిసి చూస్తే వేరేగా ఉంటుంది.

తోకచుక్క76:

మిల్లు సంగతి తేలిపోయింది కాబట్టి నౌక సంగతికి వస్తాను. సోలార్ సెయిల్ వార్త ఏది వచ్చినా వదలకుండా చదివేవాణ్ని, కాస్త పెద్దగా రాస్తాను, భరించండి.

కాంతి తోపు నిజం. రష్యాలో ప్యోత్ర్ లెబెదెవ్ దాన్ని కొలిచి 1901లో ప్రచురించాడు. గాలి చేసే ఈ అల్లరిని తప్పించుకోవడమే అందులో పెద్ద కష్టం. భూమి దూరంలో, పూర్తిగా వెనక్కి కొట్టే అద్దం మీద ఆ తోపు చదరపు మీటరుకి దాదాపు 9 మైక్రోన్యూటన్లు. మీ మిల్లు రెక్క చదరపు సెంటీమీటరు అనుకుంటే దాని మీద పడేది ఒక న్యూటన్‌లో వంద కోట్లో వంతు కూడా కాదు. సూది మొన దగ్గరి రాపిడే దాన్ని మింగేస్తుంది. మీ కథలో తెర కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉందనుకోండి. అంత తెర మీదా పడే తోపు 9 న్యూటన్లు. అరచేతిలో కిలో బరువు పెట్టుకుంటే ఎంత ఉంటుందో అంతకన్నా కాస్త తక్కువ. కాబట్టి తెర విప్పగానే మనుషులు సీట్లకి అతుక్కుపోయే సీను ఎక్కడైనా రాసి ఉంటే దయచేసి తీసేయండి.

అలాగని తక్కువ అంచనా వేయకండి. ఇంజిన్ ఆగుతుంది, ఎండ ఆగదు. 2019లో కక్ష్యలో తెర విప్పిన లైట్‌సెయిల్-2 బరువు 5 కిలోలు, తెర 32 చదరపు మీటర్లు. సూర్యుడికి ఎదురుగా నిలబడితే దాని వేగం రోజుకి సెకనుకు 5 మీటర్ల చొప్పున పెరుగుతుంది. నెల తిరిగేసరికి సెకనుకు 150 మీటర్లు. చుక్క ఇంధనం లేకుండా!

ఇంకొక మాట. సైన్స్ ఫిక్షన్ అభిమానుల్లో చాలామంది ఈ తెరని తోసేది సౌర పవనం అనుకుంటారు. కాదు. సౌర పవనం అంటే సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాలు, వాటి ఒత్తిడి కాంతి ఒత్తిడిలో వెయ్యో వంతు కూడా ఉండదు. గాలి అనే పోలిక పాతది. 1610లోనే కెప్లర్ ఆకాశంలోని గాలికి తగ్గ ఓడలూ తెరచాపలూ తయారు చేస్తే అటు వెళ్లే ధైర్యవంతులు ఉంటారని గెలీలియోకి రాశాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మీ అమ్మమ్మ పాత్రకి పనికొచ్చేది జపాన్ వాళ్ల ఇకారోస్ అని నా నమ్మకం. 2010 మేలో ప్రయోగించారు. గ్రహాల మధ్య సోలార్ సెయిల్‌తో ప్రయాణించిన మొదటి నౌక అదే, ఆ డిసెంబరులో శుక్రుడి పక్క నుంచి వెళ్లింది. తెర 14 మీటర్ల చదరం, మందం ఒక మిల్లీమీటరులో వందో వంతు కూడా లేదు. నాలుగు మూలలకీ అరకిలో బరువులు కట్టి, నౌకని గిరగిరా తిప్పితే ఆ విసురుకే తెర విచ్చుకుంది. అసలు విషయం ఇప్పుడు చెబుతాను. తెర అంచుల్లో ఎల్‌సీడీ పలకలు ఉన్నాయి. కరెంటు ఇస్తే అద్దంలా మెరుస్తాయి, ఆపేస్తే మసకబారి కాంతిని చెదరగొడతాయి. ఒక వైపు అద్దం, ఇంకో వైపు మసక. మెరిసే వైపు తోపు ఎక్కువ, మసక వైపు తక్కువ. ఆ తేడాతో నౌకని ఎటు కావాలంటే అటు వంచారు. మీరు మిల్లులో వెతికింది అక్కడ ఉంది నీలిచుక్క గారూ. పైగా తెర ముడతల మీద కాంతి వంకరగా పడి, గాలిమరలాగా నౌక తిరుగుడు వేగం కూడా మెల్లగా మారుతూ వచ్చింది.

నీలిచుక్క:

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. రెండు రోజులు ఆగి రాస్తున్నాను, ఐసు పరీక్ష చేయకుండా రాయాలనిపించలేదు.

రాత్రి తలుపులు వేసి, మిల్లుని గంటసేపు చీకట్లో వదిలేశాను. చూడటానికి వెలుతురు కావాలి, కానీ ఆ వెలుతురు మిల్లుని తిప్పకూడదు. రెక్కని వేడెక్కించలేని ఎల్‌ఈడీ అక్కడ పనికొచ్చింది. ఫోన్ టార్చిని గది అవతలి మూల నుంచి వేసి, రెక్కలు కదలకపోవడం చూసుకుని, గుడ్డలో చుట్టిన ఐసు గాజు పైన పెట్టాను. మొదట ఏమీ లేదు. నిమిషం దాటాక ఒక రెక్క వణికింది, ఆగింది, మళ్లీ వణికింది. తర్వాత నలుపు ముందుకి వచ్చింది! పట్టుమని పది చుట్లు కూడా తిరగలేదు, చాలా నిదానంగా, బరువు మోస్తున్నట్టు తిరిగి ఆగిపోయింది. ఎండలో నలుపు ముందుగా వేడెక్కుతుంది, చలిలో ముందుగా వేడి వదిలేసేది కూడా నలుపే కాబట్టి చలువ వైపు అదవుతుంది, అందుకే దిశ మారింది. నాకు అలా అర్థమైంది, తప్పైతే పాతరేడియో గారు సరిదిద్దాలి. సన్నంచు గారూ, అంచు కూడా చూశాను. రెక్క వణికినప్పుడు నా కళ్లు అక్కడే ఉన్నాయి.

తోకచుక్క గారూ, సీట్లకి అతుక్కుపోయే సీను నిజంగానే మొదటి అధ్యాయంలో ఉంది. తీసేశాను. ఇప్పుడు తెర విచ్చుకున్నాక నౌకలో ఎవరికీ ఏమీ తెలియదు, మరుసటి రోజు అంకెలు చూసుకున్నప్పుడే కదులుతున్నామని తెలుస్తుంది. ముందున్న సీను కన్నా ఇదే నాకు నచ్చింది.

కిటికీ సీను ఇలా మారింది. మనవరాలు మిల్లుకి ముఖం ఆనించి, "అమ్మమ్మా, తెలుపు ముందు పోతోంది. తోపు తెలుపు మీద పడుతుందన్నావుగా?" అంటుంది. అమ్మమ్మ వెంటనే జవాబు చెప్పదు. బుడ్డి చేతిలోకి తీసుకుని, "ఇందులో కాస్త గాలి మిగిలిపోయిందే తల్లీ, దీన్ని తిప్పేది అది. మేం వెళ్లిన చోట అదీ లేదు" అంటుంది. తర్వాత పాత పెట్టెలోంచి ఒక పలక తీస్తుంది, మీట నొక్కితే మెరిసేది, వదిలేస్తే మసకబారేది.

వచ్చే అధ్యాయంలో తెర ముడతల వల్ల నౌక తిరుగుడు తగ్గిపోవడం పెడుతున్నాను. తెర పరిమాణం, నౌక బరువు, తిరిగే వేగం రాసుకున్నాక ఇక్కడ పెడతాను. తోకచుక్క గారూ, ఒకసారి లెక్క చూసిపెడతారా?