మా గుంటడు మట్టి తింటన్నాడు, గోడ పక్కనే పాత బ్యాటరీలు కరిగిస్తారు. రెండిటికీ సంబంధం ఉందా?

గుణుపురం కోడలు
అందరికీ నమస్కారమండి. మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర. మా చిన్నోడికి మూడేళ్ళు నిండి రెండు నెలలు. ఆర్నెల్ల బట్టి మట్టి తింటన్నాడు, గోడ గీకి సున్నం తింటన్నాడు, కసిరినా మానట్లేదు, ఒకసారి కొట్టాను కూడా, తరవాత నేనే కూర్చుని ఏడ్చాను. పొట్ట నొప్పంటాడు, మూడ్రోజులకో నాలుగ్రోజులకో గానీ దొడ్డికెళ్ళడు. మాటలు కూడా వెనకబడ్డాయి, వాళ్ళక్క ఈ వయసుకి తెలుగూ ఒడియా రెండూ కలిపి గడగడా మాట్లాడీసేది, వీడు అమ్మ, నీళ్ళు, ఇయ్యి అంటాడంతే. డాక్టరుగారికి చూపిస్తే రక్తం 8.4 ఉంది అనీసి నులిపురుగుల మందు, ఐరన్ టానిక్కు రాశారు. మూడు నెలలు ఒక్కరోజు తప్పకుండా పట్టించాను. మళ్ళీ చూపిస్తే 8.6.

మా పెరటి గోడ అవతల ఒక షెడ్డుంది. ఇన్వర్టర్ బ్యాటరీలు, ఆటో బ్యాటరీలు పగలగొట్టి లోపలి ప్లేట్లు తీసి రాత్రుళ్ళు కరిగించి దిమ్మలు పోస్తారు. తెల్లారేసరికి మా తులసి కోట మీద, ఆరేసిన బట్టల మీద బూడిదలాటి పొడి. యాసిడ్ కాలవలోకి ఒంపీస్తారు. దానివల్లే ఏమో అని నా మనసులో పడింది గానీ ఇంట్లో ఎత్తలేకపోతన్నాను, ఎందుకంటే మా మరిది అందులోనే పనిచేస్తాడు, అతని జీతం కూడా ఈ ఇంటికే వస్తాది. నేను ఊరికే భయపడతన్నానా? తెలిసినోళ్ళు చెప్పండి.

ల్యాబ్ బాబాయ్, శ్రీకాకుళం
చెల్లెమ్మా, నువ్వు ఊరికే భయపడట్లేదు. నేను ఇరవయ్యేళ్ళుగా ల్యాబులో పనిచేస్తన్నాను, డాక్టర్ని కాదు, కానీ నువ్వు చెప్పినవన్నీ ఒకచోట చూస్తే ముందు గుర్తొచ్చేది సీసం. బ్యాటరీ బరువులో సగానికి పైన సీసమే ఉంటాది. అది కరిగించినప్పుడు పొగలోంచి, పగలగొట్టినప్పుడు పొడిలోంచి వచ్చి మట్టిలో దిగిపోతాది, ఇంక పోదు, వాన పడినా పోదు, ఏళ్ళు గడిచినా కుళ్ళిపోయేది కాదది. పిల్లలు నేల మీద పాకి, ఆడి, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. పైగా ఒకే మోతాదు లోపలికెళ్తే పెద్దోళ్ళ ఒంటికంటే పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడతాది. ఒళ్ళు దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటాది. రక్తం తయారవ్వకుండా అడ్డుపడతాది, నీ టానిక్కు పని చెయ్యకపోడానికి అదో కారణం అయ్యుండొచ్చు. ఇంకో సంగతి, ఐరన్ తక్కువున్న పిల్లలకి మట్టి తినాలనిపిస్తాది, ఆ మట్టిలోనే సీసం ఉంటే అది ఇంకా రక్తం తగ్గిస్తాది, ఇలా తిరుగుతూనే ఉంటాది. వాణ్ణి కొట్టకమ్మా, వాడి తప్పు కాదు.

డాక్టరుగారితో "షెడ్డు పక్కన ఉంటాం, రక్తంలో సీసం టెస్టు రాయండి" అని నోరు తెరిచి అడుగు. మామూలు రక్త పరీక్షల్లో అది బయటపడదు, అడిగితేనే చేస్తారు. చిన్న ఊళ్ళ ల్యాబుల్లో చెయ్యరు, శాంపిల్ తీసి పెద్ద ల్యాబుకి పంపుతారు, అందుకే బరంపురమో విశాఖో వెళ్ళేముందు ఫోన్ చేసి కనుక్కో. వేలు గుచ్చి తీసే శాంపిల్ వద్దను, వేలి మీద పొడి ఉంటే లెక్క తప్పుతాది, నరంలోంచి తియ్యమను. వాళ్ళక్కకి కూడా చేయించు.

గంగపుత్రుడు, గోపాలపురం
అక్కా మీ పోస్టు చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మేం గోపాలపురం దగ్గర నోలియాలం, చేపల వేట. వలకి బరువు కోసం సీసం గుళ్ళు కడతాం కదా, మా నాన్న వాటిని వంటింటి పొయ్యి మీద పాత గరిటెలో కరిగించి పోసేవోడు, నేను పక్కనే కూర్చుని చల్లారిన గుళ్ళు ఏరేవోణ్ణి, వల అల్లేటప్పుడు వాటిని పళ్ళతో కొరికి నొక్కేవాళ్ళం. అది విషమని మాకెవరూ చెప్పలేదు. నా చెల్లి చిన్నప్పుడంతా పొట్ట నొప్పి పొట్ట నొప్పి అనీది, చదువు ఎక్కలేదు, అందరూ మొద్దు మొద్దు అన్నారు. అది దీనివల్లే అని నేను చెప్పలేను, టెస్టు చేసింది లేదు కదా, కానీ ఇప్పుడు తలుచుకుంటే గుండె పిండేస్తాది. ఇప్పుడు మేం గుళ్ళు బజార్లో కొంటన్నాం, వంటింట్లో కరిగించడం మానీశాం.

నా సలహా ఏటంటే షెడ్డువాళ్ళతో మంచిగా మాట్లాడి ఊరి చివరికి మార్చమనండి, గొడవ లేకుండా పోతాది.

పర్లాకిమిడి మాస్టారు
తమ్ముడూ, ఊరి చివర కూడా ఎవరో ఒకరి పిల్లలుంటారు, మన దగ్గర ఊరి చివర ఇళ్ళెవరివో నీకూ తెలుసు. సెనెగల్ దేశంలో డకార్ నగరం శివార్లలో ఇలాగే పాత బ్యాటరీల మట్టి జల్లించి సీసం ఏరి అమ్ముకునేవారు, అమ్మల వెంట పిల్లలూ కూర్చునేవారు. 2007 చివర, 2008 మొదట్లో అక్కడ 18 మంది చిన్నపిల్లలు చనిపోయాక గానీ సంగతి బయటపడలేదు. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి ఇచ్చిన రిపోర్టులో ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసీలీటరుకి 5 మైక్రోగ్రాములు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉందని అంచనా వేశారు, సుమారు 80 కోట్ల మంది, అందులో 27 కోట్లకి పైన మన దేశం పిల్లలే. తరగతిలో చెప్పింది ఎక్కని పిల్లల్ని చూసి నేనూ విసుక్కున్న రోజులున్నాయి. ఇది చదివాక అలా విసుక్కోడానికి నోరు రావట్లేదు.

అమ్మా, పాత బ్యాటరీలు కరిగించాలంటే పొల్యూషన్ బోర్డు దగ్గర రిజిస్టర్ అయ్యుండాలి, 2022 బ్యాటరీ రూల్సులో ఉంది. బోర్డు రీజనల్ ఆఫీసు రాయగడలోనే ఉంది. సోమవారం కలెక్టరు గ్రీవెన్సులో కూడా అర్జీ ఇవ్వొచ్చు, ఒడియాలో రాయించండి, తేదీలూ, పొడి పడిన ఫోటోలూ పెట్టండి. ఒక్కరు కాకుండా వీధిలో నలుగురు తల్లులు కలిసి సంతకం పెడితే మీ మరిదిగారి మీద పడదు.

గుణుపురం కోడలు
అందరికీ దండాలు. ఒకటి అడగాలి, మా అత్తగారు పిల్లోడికి కాటుక పెడతారు, అది కూడా మానాలా? మా మరిది పనిబట్టలు మా బట్టలతోనే ఉతుకుతాను. ఇంకా, నాకిప్పుడు మూడో నెల. ఇది ముందు చెప్పలేదు.

ల్యాబ్ బాబాయ్, శ్రీకాకుళం
అయితే నీది కూడా టెస్టు చేయించమ్మా, ఇవాళే. తల్లి ఒంట్లో సీసం కడుపులో బిడ్డకి వెళ్తాది. ఆముదం దీపం మసితో ఇంట్లో చేసిన కాటుకైతే సీసం బెడద లేదు, బజారు సుర్మాలు కొన్నిటిలో సీసమే ఉంటాది, అవి వద్దు. మరిది బట్టలు షెడ్డు దగ్గరే విప్పి, స్నానం చేసి ఇంటికి రావాలి, ఉతికితే వేరే బకెట్టు, అది కూడా నువ్వు ఉతక్కు. చీపురుతో ఊడిస్తే పొడి లేస్తాది, తడిగుడ్డతో తుడవండి. వాడు ఆడే చోట మట్టి కనపడకుండా సిమెంటు చెయ్యండి, కుదరకపోతే బయటినుంచి మంచి మట్టి తెచ్చి మందంగా పొయ్యండి. నీళ్ళు మరిగిస్తే సీసం పోదు. తినేముందు చేతులు కడగాలి, ఖాళీ కడుపుతో ఉంచకు, అప్పుడు ఇంకా ఎక్కువ పడతాది. చోడి అంబలి, మునగాకు, అంగన్‌వాడీ గుడ్డు, నిమ్మకాయ ఇవన్నీ పెట్టు. ఇవి సీసాన్ని బయటికి లాగీవు గానీ కొత్తగా ఎక్కకుండా కొంత అడ్డం పడతాయి. టెస్టు రిపోర్టు వచ్చేదాకా వీలైతే పుట్టింటికి వెళ్ళిపో.

గుణుపురం కోడలు
పదిహేను రోజులయ్యింది, చెప్పడానికొచ్చాను. సీసం చిన్నోడికి డెసీలీటరుకి 31 మైక్రోగ్రాములు వచ్చింది, పాపకి 14, నాకు 9. బరంపురంలో పిల్లల డాక్టరుగారు 45 దాటితే సీసం బయటికి లాగే మందు ఇస్తారట, ఇప్పుడు ముందు ఆ చోటు మారడమే మందు అన్నారు, ఐరనూ కాల్షియమూ రాశారు, నెలకి మళ్ళీ తియ్యమన్నారు. నా రిపోర్టు పట్టుకుని కాన్పుల డాక్టరమ్మ దగ్గరికి కూడా పంపారు. నేను పిల్లల్ని తీసుకుని పాతపట్నం మా అమ్మ దగ్గరున్నాను.

రిపోర్టు మా మరిదికి వాట్సాప్‌లో పెట్టాను. మూడ్రోజులు ఏటీ మాట్లాడలేదు. నిన్న ఫోన్ చేసి "వదినా, నాక్కూడా చేతులు తిమ్మిరెక్కతన్నాయి, ఎక్కడ చేయించాలి ఆ టెస్టు" అనడిగాడు. ల్యాబ్ బాబాయ్, పెద్దోళ్ళకి కూడా అదే శాంపిలేనా? మాస్టారూ, సంతకాలకి ఆరుగురు ఒప్పుకున్నారు, అర్జీ ఒడియాలో మీరు రాసి పెట్టగలరా?

పర్లాకిమిడి మాస్టారు
రాస్తానమ్మా. షెడ్డు ఎప్పుడు మొదలైందో, ఏ వేళల్లో కరిగిస్తారో, యాసిడ్ ఎక్కడ పోస్తారో ఒక కాయితం మీద రాసి ఫోటో పంపు. ఆదివారానికి తయారుగా ఉంచుతాను.

ల్యాబ్ బాబాయ్, శ్రీకాకుళం
అదే శాంపిలమ్మా, నరంలోంచే. చేతుల తిమ్మిరి సంగతి డాక్టరుకి ముందే చెప్పమను. అతనితో పాటు ఆ షెడ్డులో ఇంకెంతమంది పనిచేస్తారు, వాళ్ళ ఇళ్ళల్లో చిన్నపిల్లలున్నారేమో కూడా కనుక్కో.