ఘాట్ రోడ్డులో నిలిచిన మోటార్ హోమ్: కంపెనీ ఒకటి చెబుతోంది, బాడీ కట్టినవారు ఇంకొకటి చెబుతున్నారు

ప్రశ్న: గోదావరి మాస్టారు, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి నాలుగేళ్ళ క్రితం పదవీ విరమణ చేశాను. నా భార్యకు వెన్నుపూస ఆపరేషన్ అయింది, గంటకు మించి కూర్చోలేదు. ఆమె పడుకునే ప్రయాణం చేయాలని, మరుగుదొడ్డి కోసం దారిలో ఎవరినీ బతిమాలుకునే పని ఉండకూడదని, ఒక డీజిల్ వ్యాన్ ఛాసిస్ కొని మోటార్ హోమ్‌గా బాడీ కట్టించాను. అంతా కలిపి 27 లక్షలు. కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన బీఎస్-6 ఇంజిన్. కొని 14 నెలలైంది, తిరిగింది 9,200 కిలోమీటర్లు.

డిసెంబరులో అరకు బయలుదేరాం. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా పసుపు దీపం వెలిగింది. రెండు మలుపులు తిరిగేసరికి ఇంజిన్‌లో బలం లేదు. యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కినా 20 దాటలేదు. వెనక బస్సులు, జీపులు బారులు తీరాయి. పడకమీద నుంచి మా ఆవిడ "ఎందుకు ఆగాం?" అని అడిగింది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. ఆ రాత్రి ఒక కాఫీ కొట్టు పక్కన ఆపుకొని పడుకున్నాం. కొట్టు యజమాని వేడినీళ్ళు కాచి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు.

అప్పటినుంచి సర్వీస్ సెంటర్‌కు నాలుగుసార్లు వెళ్ళాను. అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. మొదటిసారి, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్ మార్చాలన్నారు. అది రావడానికి 34 రోజులు పట్టింది. రెండోసారి సాఫ్ట్‌వేర్ మార్చామన్నారు. మూడోసారి ఏదో తుడిచి ఇచ్చారు, 160 కిలోమీటర్లకే దీపం మళ్ళీ వెలిగింది. నాలుగోసారి మసి వడపోసే డీపీఎఫ్ మూసుకుపోయిందనీ, కొత్తదానికి 1,42,000 అవుతుందనీ చెప్పారు. బాడీ కట్టేటప్పుడు వైరింగ్ మార్చారు కాబట్టి వారంటీ వర్తించదట. ఏ వైరు మార్చారో కాగితం మీద రాసి ఇమ్మన్నాను. ఇవ్వలేదు. బాడీ కట్టినవారేమో ఇంజిన్ జోలికే వెళ్ళలేదంటున్నారు. కంపెనీ ఫోన్ నంబరుకు చేస్తే ప్రతిసారీ ఒక ఫిర్యాదు సంఖ్య ఇస్తారు, రెండు రోజులకు పరిష్కారమైందని సందేశం వస్తుంది. ఒక్క మనిషి వచ్చి బండి చూసింది లేదు.

మరమ్మతులు ఏ యంత్రానికైనా తప్పవు. కానీ బాధ్యత నాది అని చెప్పేవారు ఒక్కరూ లేకపోవడం నన్ను రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదు. అసలు లోపం ఎక్కడుంది? వీరి చేత జవాబు చెప్పించే మార్గం ఏమిటి?

జవాబు: డీజిల్ మెకానిక్, విజయవాడ ఆటోనగర్

మాస్టారూ, డబ్బు కట్టకండి. ముందు నాలుగు సంగతులు చెప్పండి. రాత్రిపూట ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచుతున్నారా? డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగిందా, డీజిల్ వాసన వస్తోందా? పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యూరియా ద్రవం, అదే డెఫ్, ఎక్కడ కొన్నారు, ట్యాంకులో ఎన్నాళ్ళుగా ఉంది? ఇన్వర్టర్ ఎర్త్ వైరు ఎక్కడ బిగించారు?

ఎందుకు అడుగుతున్నానంటే, డీపీఎఫ్‌లో మసి కాలాలంటే పొగ బాగా వేడెక్కాలి. బండి తనంతట తాను శుభ్రం చేసుకునేటప్పుడు అందులో వేడి 600 డిగ్రీల దాకా వెళుతుంది. నిలబెట్టి ఐడిలింగ్‌లో ఉంచితే పొగ వేడి 200 కూడా దాటదు, మసి పేరుకుంటూనే ఉంటుంది. శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టిన బండిని మధ్యలో ఆపేస్తే ఆ పని కోసం పంపిన అదనపు డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. సరుకు మోసే బండికి ఈ బాధ తక్కువ, రోజంతా హైవే మీద పరుగెత్తుతుంది కదా. మోటార్ హోమ్ నెలల తరబడి షెడ్డులో ఉంటుంది, రాత్రంతా ఐడిలింగ్‌లో ఉంటుంది. ఇంజిన్‌కు ఇంతకంటే కష్టమైన బతుకు లేదు.

డెఫ్ నీళ్ళలో 32.5 శాతం యూరియా. 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలుస్తుంది, 35 డిగ్రీలైతే ఆరు నెలలే. మన ఎండల్లో పాత డెఫ్ పారబోసి, డెఫ్ నాణ్యతా ప్రమాణమైన ఐఎస్‌ఓ 22241 ముద్ర ఉన్న కొత్త క్యాన్ పోయండి.

డీపీఎఫ్ మీద ప్రెషర్ సెన్సర్‌కు రెండు సన్నని గొట్టాలుంటాయి. అవి కరిగినా, చీలినా సెన్సర్ తప్పు లెక్క చూపిస్తుంది. మంచం బిగించేటప్పుడు నలిగాయేమో చూడండి. మల్టీమీటర్‌తో ఒక పరీక్ష కూడా చేయండి. ఏసీ, ఇన్వర్టర్ నడుస్తుండగా ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొన ఇంజిన్ దిమ్మకు పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ బాగా లేనట్టే. అప్పుడు సెన్సర్లు తప్పు లెక్క చూపించవచ్చు, వాటిని మార్చి ఏం లాభం?

గోదావరి మాస్టారు

మీరు అడిగినవన్నీ నిజమేనండి. రోజూ రాత్రి నాలుగు గంటలు ఇంజిన్ ఆన్‌లోనే ఉంచాను, ఏసీ లేకపోతే ఆమెకు నిద్ర పట్టదు. అలా చేయకూడదని బండి అమ్మినవారు చెప్పలేదు, బాడీ కట్టినవారూ చెప్పలేదు. ఆయిల్ మట్టం పై గీత దాటింది. డెఫ్ బండి కొన్ననాటిది. మల్టీమీటర్ 0.9 చూపించింది. ఇన్వర్టర్ ఎర్త్‌ను ఛాసిస్ మీద రంగు గీకకుండానే బిగించారు, అదే బోల్టు కింద ఇంజిన్ కంట్రోలర్ ఎర్త్ కూడా ఉంది. పదో తరగతి పిల్లలకు నేను చెప్పే పాఠమే ఇది. నాలుగుసార్లు బండి విప్పినవారిలో ఒక్కరూ మీటర్ పెట్టలేదు!

జవాబు: ఫ్రీమాంట్ నుంచి, కాలిఫోర్నియా

మాస్టారూ, మీ ఉత్తరం చదువుతుంటే నా కథే చదువుతున్నట్టుంది. నాది 36 అడుగుల డీజిల్ మోటార్ హోమ్. ఇంజిన్ ఒకరిది, ఛాసిస్ ఒకరిది, ఇల్లు కట్టింది మరొకరు. డెఫ్ ట్యాంకులోని సెన్సర్ పాడై, ఎడారి దారిలో బండి గంటకు 5 మైళ్ళకు పడిపోయింది. ముగ్గురికీ ఫోన్ చేస్తే ముగ్గురూ మిగతా ఇద్దరి నంబర్లు ఇచ్చారు. అలా వేగం తగ్గించేయడం మీద ఇక్కడ చాలా గొడవ జరిగాక, 2025 ఆగస్టులో పర్యావరణ సంస్థ ఈపీఏ డెఫ్ లోపం రాగానే బండి వేగం అలా పడిపోకుండా సాఫ్ట్‌వేర్ మార్చమని తయారీదారులకు సూచించింది. ఇక్కడి లోపాల వాహనాల చట్టం కూడా మోటార్ హోమ్‌లో ఛాసిస్‌కు, బండిని నడిపించే భాగానికి మాత్రమే వర్తిస్తుంది, ఇంటి భాగానికి కాదు. మీరు ముగ్గురికీ విడివిడిగా కాకుండా ఒకే ఉత్తరం రాయండి, ముగ్గురి చిరునామాలూ పైన ఉండేలా. నాకు పనిచేసింది అదొక్కటే.

జవాబు: వినియోగదారుల కేసులు చూసే న్యాయవాది, గుంటూరు

మాస్టారు గారూ, సర్వీస్ సెంటర్ వారు పని వివరాలు రాసిచ్చిన జాబ్ కార్డులు నాలుగూ భద్రంగా ఉంచండి. వారంటీ ఎందుకు వర్తించదో లిఖితపూర్వకంగా చెప్పమని రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు కనుక జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అదీ మీరు నివసించే జిల్లాలో. తయారీదారు, అమ్మినవారు, సేవ చేసినవారు అందరినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు. గడువు రెండేళ్ళు. లోపం పరీక్షిస్తే తప్ప తేలదంటే కమిషన్ ప్రయోగశాలకు పంపగలదు. అందుకే పాత విడిభాగాలు వారి దగ్గర వదిలేయకండి. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంచిన మాట దాచవద్దు. అలా చేయకూడదని మీకు చెప్పాల్సిన బాధ్యత ఎవరిదన్నది కమిషన్ తేలుస్తుంది.

గోదావరి మాస్టారు, పన్నెండు రోజుల తర్వాత

ఎర్త్ విడదీసి, ఇనుము మెరిసేదాకా గీకి, బ్యాటరీకే నేరుగా వేయించాను. ఆయిల్, డెఫ్ మార్పించాను. వేరే ఊరి సర్వీస్ సెంటర్‌లో ఒక కుర్రాడు స్కానర్ పెట్టి, బండి నిలబెట్టే 40 నిమిషాల్లో డీపీఎఫ్‌లోని మసి కాల్చేశాడు. ఆ తర్వాత 380 కిలోమీటర్లు తిరిగాం, దీపం వెలగలేదు. 1,42,000 అన్న ఫిల్టరే ఇంకా బండిలో ఉంది. ఉత్తరం ముగ్గురికీ వెళ్ళింది. బాడీ కట్టినవారు ఫోన్ చేసి ఎర్త్ తప్పు తమదేనని ఒప్పుకున్నారు, వారిమీద కోపం సగం తగ్గింది. కంపెనీ నుంచి ఇంకా జవాబు లేదు. కేసు మాత్రం వేస్తాను.

ఆటోనగర్ వారిని ఒక్కటి అడగాలి. మా ఏసీ సగటున 600 వాట్లు తీసుకుంటుంది, ఆరు గంటలకు 3.6 యూనిట్లు. ఇప్పుడున్న 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో నిండుగా ఉన్నా 2.4 యూనిట్లే. ఇంకొకటి అలాంటిదే చేరిస్తే ఆల్టర్నేటర్ మీద భారం ఎక్కువవుతుందా, లేక పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టించుకోవడం మేలా? వేసవి రాకముందే తేల్చుకోవాలి.