కేస్ పద్ధతిలో బోధన మన ఎంబీఏ విద్యార్థులకు నిజంగా మేలు చేస్తోందా?

చర్చ ప్రారంభించిన అధ్యాపకురాలు:
వచ్చే ఏడాది నుంచి ఫైనాన్స్ పాఠాల్లో సగం కేసుల ద్వారానే, అంటే ఒక కంపెనీ ఎదుర్కొన్న నిజమైన పరిస్థితిని చేతికిచ్చి ఏం చేయాలో విద్యార్థులతోనే చర్చింపజేస్తూ చెప్పాలని మా కళాశాల నిర్ణయించింది. 1921లో హార్వర్డ్‌లో ఒక బూట్ల కంపెనీ కేసుతో మొదలై, 1961లో ఏర్పడిన అహ్మదాబాద్ ఐఐఎం ద్వారా మన దేశంలో వేళ్లూనుకున్న ఈ పద్ధతి, లెడ్జరు (ఖాతా పుస్తకం) కూడా సరిగా రాయడం రాని విద్యార్థికి ఉపయోగపడుతుందా అన్నది నా సందేహం.

పదకొండేళ్లుగా కేసులతో బోధిస్తున్న అధ్యాపకుడు:
తప్పకుండా ఉపయోగపడుతుంది, కాకపోతే లెడ్జరు పాఠం ముందే పూర్తయి ఉండాలి. లెక్చర్‌లో విద్యార్థి జవాబు విని రాసుకుంటాడు. కేసు క్లాసులో జవాబు తెలియకముందే ఒక నిర్ణయానికి వచ్చి, దాన్ని అరవై మంది ఎదుట సమర్థించుకోవాలి. నేను ఏటా సత్యం కంప్యూటర్స్ ఉదంతాన్ని తీసుకుంటాను. కంపెనీ పేరు తీసేసి, 2008 సెప్టెంబరు త్రైమాసికపు లెక్కలు మాత్రమే చేతికిస్తాను. నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని అందులో ఉంటుంది. ఈ కంపెనీకి అప్పు ఇస్తారా అని అడిగితే దాదాపు ప్రతి బ్యాచీ ఇస్తామనే అంది. అప్పుడు 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ సంగతి చెబుతాను: ఆ నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఒకసారి వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "బ్యాంకు నుంచే నేరుగా ధ్రువీకరణ తెప్పించుకోవాలని మాలో ఒక్కరికీ ఎందుకు తోచలేదు సార్?" అని అడిగింది. ఆడిట్ గురించి మూడు గంటలు లెక్చర్ ఇచ్చినా ఆ ప్రశ్న పుట్టదు.

గుంటూరులో బ్యాంకు రుణాల విభాగంలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థి:
సార్, మీరు చెప్పిన ఉదాహరణే నాకు అభ్యంతరంగా కనిపిస్తోంది. సత్యం బోర్డులో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఒకరు, హైదరాబాద్‌లోని బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ డీన్ ఒకరు డైరెక్టర్లుగా ఉన్నారు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, కానీ కేసులతో తలపండిన వారికి కూడా కాగితంపై ఉన్న అంకె అంకెలాగే కనిపించింది కదా. ఏది ముఖ్యమో ఏది కాదో ఎవరో ముందే ఏరి, పదిహేను పేజీల్లో పేర్చి ఇచ్చేదే కేసు. నా ఉద్యోగంలో ఆ ఏరడమే అసలు పని. కోల్డ్ స్టోరేజీ బాండు, అంటే అక్కడ సరుకు దాచినట్టు ఇచ్చే రసీదు మీద అప్పు అడిగితే, ఆ మిర్చి టిక్కీలు (బస్తాలు) నిజంగా లోపల ఉన్నాయా, అదే సరుకు మీద ఇంకో బ్యాంకు అప్పు ఇచ్చిందా అన్నది వెళ్లి చూస్తే తప్ప తెలియదు.

ఇంకొక మాట. తరగతిలో మాట్లాడినందుకు మార్కులు ఉండేవి. తెలుగు మీడియం నుంచి వచ్చిన నేను నోట్‌బుక్‌లో జవాబు రాసుకుని, దాన్ని ఇంగ్లిషు వాక్యంగా కూర్చుకునేలోపు పక్కవాడు అదే చెప్పి మార్కులు తీసుకునేవాడు. రెండేళ్లూ అలాగే గడిచాయి.

అధ్యాపకుడు:
మీ రెండో మాటకు నా దగ్గర సమర్థన లేదు. రెండేళ్ల కిందట నేను మాటకు మార్కులు తీసేసి, క్లాసుకు ముందే ఒక పేజీలో నిర్ణయం, దానికి కారణం రాసి ఇమ్మంటున్నాను; చర్చ తెలుగులో మొదలైనా అభ్యంతరం చెప్పను. మొదటి మాటతో మాత్రం సగమే ఏకీభవిస్తాను. వెళ్లి చూడాలన్న అనుమానం ముందు కలగాలి, దాన్ని కేసు కలిగించగలదు. అయితే చూసి రావడం నేర్పడానికి అది చాలదన్నది నిజం. ఈసారి ప్రతి జట్టూ సొంతంగా ఒక కేసు రాసి తేవాలని అడుగుతాను. మీరు ఒప్పుకుంటే ఒక జట్టును మీ కోల్డ్ స్టోరేజీల తనిఖీకి పంపుతాను.

మేడమ్, మీ తరగతిలో ఎంతమంది ఉంటారో చెప్పండి. నూట ఇరవై మందిని ఒకే హాల్లో కూర్చోబెడితే ఈ పద్ధతి సాగదు, ఆ సంగతి యాజమాన్యానికి ఇప్పుడే చెప్పాలి.