స్టీమ్ డెక్ ఎల్‌సీడీ ఉండగా ఓలెడ్ కొనడం దండగేనా?

రాత్రిఆట:
నా దగ్గర స్టీమ్ డెక్ (చేత్తో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీ) ఉంది, ఎల్‌సీడీ స్క్రీన్ 256 జీబీ మోడల్. 2023 నవంబర్‌లో ఓలెడ్ మోడల్ వచ్చినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. పాపాయి నిద్రపోయాకే నాకు ఆట. అదీ లైట్లు ఆర్పేసి, దాని పక్కనే పడుకుని. చీకటి సీన్ వస్తే స్క్రీన్ నల్లగా ఉండదు, బూడిద రంగులో వెలుగుతుంది. ఫ్యాన్ జోరందుకుంటే పాప లేస్తుందేమోనని టెన్షన్. ఎల్డెన్ రింగ్ గేమ్‌లో గుర్రమెక్కి పరుగెత్తిస్తే ఫ్రేమ్స్ (సెకనుకు వచ్చే బొమ్మలు) పడిపోయి ఆట తడబడుతుంది. ఓలెడ్ కొంటే ఇవన్నీ తీరతాయా? మా ఆయనేమో "ఉన్నది బాగానే ఉందిగా" అంటాడు. ఆయన డెక్ ముట్టుకోడు లెండి.

పాతబటన్:
గుర్రం సంగతి మర్చిపోండి. రెండింట్లోనూ అదే నాలుగు కోర్ల జెన్ 2 ప్రాసెసర్, అదే ఆర్‌డీఎన్‌ఏ 2 గ్రాఫిక్స్, అదే 16 జీబీ ర్యామ్. ర్యామ్ వేగం 5500 నుంచి 6400కి పెరిగింది కాబట్టి కొన్ని గేమ్స్‌లో ఒకటి రెండు ఫ్రేమ్స్ కలిసొస్తాయేమో, అంతే. స్పీడ్ కోసమైతే డబ్బు దండగ.
చీకట్లో ఆడేవాళ్లకి మాత్రం తేడా బాగా తెలుస్తుంది. ఓలెడ్‌లో నలుపు ఉన్నచోట పిక్సెల్ ఆరిపోతుంది, వెనక లైటంటూ ఉండదు. సైజు 7 నుంచి 7.4 అంగుళాలైంది, రిఫ్రెష్ రేట్ (స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో అది) 60 నుంచి 90 హెర్ట్జ్ అయింది. రిజల్యూషన్ మాత్రం అదే 1280×800.

చార్జర్‌వైర్:
బ్యాటరీ 40 వాట్-అవర్స్ నుంచి 50కి పెరిగింది, చిప్ 7 నానోమీటర్ల నుంచి 6కి తగ్గింది. కంపెనీ లెక్కలో ఒక చార్జింగ్‌కి ఆడుకునే 2–8 గంటలు కాస్తా 3–12 అయింది. ఫ్యాన్ కూడా పెద్దది, చప్పుడు తక్కువ.
కానీ కొనేముందు ఒక పని చేయండి అండీ. మూడు చుక్కల బటన్ నొక్కి, పెర్ఫార్మెన్స్‌లో ఫ్రేమ్ లిమిట్ 40 పెట్టి, టీడీపీ (చిప్ వాడే కరెంటు పరిమితి) కాస్త తగ్గించి చూడండి. తేలికపాటి గేమ్స్‌లో ఫ్యాన్ గొడవ అక్కడికక్కడే తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు.

మెమరీకార్డు:
స్టోరేజ్ చాలక మారాలనుకుంటే మాత్రం ఆగండి. లోపలి స్టోరేజ్ డ్రైవ్, అంటే 2230 సైజు ఎస్‌ఎస్‌డీ, మనమే మార్చుకోవచ్చు. వెనక మూత తెరిచేముందు ఎస్‌డీ కార్డు తీసేయండి, లేకపోతే కార్డు విరుగుతుంది.

రాత్రిఆట:
స్టోరేజ్ సమస్య కాదండీ. 40 లిమిట్ పెట్టి స్టార్‌డ్యూ వ్యాలీ ఆడాను, ఫ్యాన్ దాదాపు వినపడలేదు. ఆ బూడిద రంగు మాత్రం అలాగే ఉంది. నాకు కావాల్సింది స్క్రీనేనని తేలిపోయింది, కొనేస్తున్నా. మరి 512 తీసుకోనా, 1 టీబీనా?

పాతబటన్:
1 టీబీకి యాంటీ గ్లేర్ గాజు ఇస్తారు. అది వెలుతురు ప్రతిబింబించకుండా ఆపడానికి. లైట్లార్పి ఆడే మీకు దాంతో పనేముంది? 512 చాలు.

రాత్రిఆట:
ఎస్‌డీ కార్డులో ఉన్న గేమ్స్ మళ్లీ డౌన్‌లోడ్ చేయాలా?

మెమరీకార్డు:
అక్కర్లేదు, కార్డు తీసి కొత్తదాంట్లో పెడితే చాలు. ఫార్మాట్ మాత్రం కొట్టకండి. క్లౌడ్ సేవ్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో ఆన్‌లైన్‌లో దాచడం) లేని గేమ్స్ ఉంటే, పాతది అమ్మేముందే వాటి సేవ్ ఫైల్స్ కాపీ చేసుకోండి.